పేస్‌మేకర్ దగ్గర ఇన్ఫెక్షన్: మందులతో సరిపెట్టాలా, మొత్తం తీయించాలా?

పేస్‌మేకర్ పెట్టిన చోట చర్మం ఎర్రబడి, వాచి, చీము కారడం మొదలైతే ఇంట్లోవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "యాంటీబయాటిక్ ఇచ్చి, కడిగి కుట్టేస్తే సరిపోదా డాక్టర్‌గారూ?" అలా అడగడంలో తప్పేమీ లేదు. ఒకసారి ఆపరేషన్ అయింది, డబ్బు ఖర్చయింది, మిషన్ కూడా బాగానే పనిచేస్తోంది. పనిచేస్తున్న మిషన్‌ని తీసేయడమేంటి అనిపిస్తుంది. కానీ ఈ విషయంలో అమెరికా, యూరప్ గుండె వైద్య సంఘాలు రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. మిషన్ పెట్టడానికి చర్మం కింద చేసిన సంచిలాంటి చోటులోకి (పాకెట్) గానీ, మిషన్ నుంచి గుండెలోకి వెళ్లే తీగల (లీడ్ల) మీదికి గానీ ఇన్ఫెక్షన్ చేరిందని తేలితే, మిషన్‌నీ లీడ్లనీ పూర్తిగా తీసేయాలి. మందులు దానికి తోడు మాత్రమే.

అలాగని ప్రతి ఎర్రదనానికీ మిషన్ తీయించాల్సిన పని లేదు. ఏది ఏ రకమో తేల్చుకోవడం, తీయించాల్సి వస్తే ఎలా, ఎక్కడ అన్నది చూసుకోవడం, మళ్లీ పెట్టించుకోవాలంటే ఏది ఎంచుకోవడం అన్నవే అసలు నిర్ణయాలు. పేస్‌మేకర్‌కే కాదు, షాక్ ఇచ్చే ఐసీడీకి, గుండె బలహీనత ఉన్నవాళ్లకు పెట్టే సీఆర్‌టీకి కూడా ఇదే వర్తిస్తుంది.

పైపైన ఉందా, లోపలికి దిగిందా

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఆ చోట నీలంగా కమిలి ఉబ్బితే అది చాలాసార్లు ఇన్ఫెక్షన్ కాదు, లోపల రక్తం గూడుకట్టడం. జ్వరం ఉండదు, చీము ఉండదు. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ చేయకూడని పని ఒకటుంది. సూది గుచ్చి ఆ రక్తాన్ని లాగడం. మనవైపు చిన్న నర్సింగ్ హోముల్లో "కొంచెం తీసేస్తే బరువు తగ్గుతుంది" అంటారు. శుభ్రంగా ఉన్న పాకెట్‌లోకి ఆ సూదే క్రిములను మోసుకెళ్లగలదు. చీము ఉందేమో చూడ్డానికి కూడా సూది గుచ్చకూడదనే మార్గదర్శకాలు చెబుతాయి.

మొదటి నెలలో ఒక కుట్టు దగ్గర మాత్రమే చిన్న పొక్కులా లేచి, చుట్టూ కాస్త ఎర్రబడితే అది పైపై ఇన్ఫెక్షన్. వారం పది రోజులు మాత్రలు వాడి, దగ్గరుండి గమనిస్తే సరిపోతుంది. "మందులతో తగ్గుతుంది" అన్న మాట నిజంగా చెల్లేది ఇక్కడే.

మిషన్ మీద చర్మమంతా వేడిగా, నొప్పిగా ఉన్నా, చర్మం పల్చబడి మెరుస్తున్నా, కింద మిషన్‌కు అతుక్కుపోయి కదలకపోయినా అది లోపలి సంగతి. ఇక మిషన్ అంచో, లీడ్ ముక్కో కంటికి కనబడితే వేరే పరీక్షతో పని లేదు. చీము లేకపోయినా, పొడిగా ఉన్నా, జ్వరం రాకపోయినా ఇన్ఫెక్షన్ కిందే లెక్క. చర్మాన్ని దగ్గరికి లాగి కుట్టేసినంత మాత్రాన అది మానదు. కొన్నాళ్లు మానినట్టు కనిపించి అక్కడే మళ్లీ తెరుచుకుంటుంది. పసుపు, కొబ్బరినూనె, మెడికల్ షాపులో ఇచ్చే ఆయింట్‌మెంట్‌లు ఈ దశలో చేసేది ఒక్కటే, డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయడం.

పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఊళ్లో ఉన్న ఇళ్లకు ఒక చిన్న సలహా. వాట్సాప్‌లో ఒక ఫొటో చూసి ఏదీ తేల్చకండి. రోజూ ఒకే సమయంలో, కిటికీ పక్కన, పక్కనే ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయమనండి. వరసగా నాలుగు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎరుపు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఫోన్‌లో చెప్పే "పర్లేదు నాన్నా" కంటే బాగా తెలుస్తుంది. పెరుగుతుంటే మాత్రం ఫొటోలతో ఆగొద్దు.

వీటన్నిటికంటే మోసం చేసే రకం ఇంకొకటుంది. పైన చర్మం చక్కగా ఉంటుంది, లోపల లీడ్ల మీద ఇన్ఫెక్షన్ ఉంటుంది. బయటికి కనిపించేది జ్వరం ఒక్కటే. మన దగ్గర జ్వరం రాగానే వైడాల్ పరీక్ష, టైఫాయిడ్ అన్న మాట, ఒక కోర్సు యాంటీబయాటిక్. మందు వాడినన్నాళ్లు జ్వరం తగ్గుతుంది, ఆపిన వారానికి మళ్లీ వస్తుంది. ఇంకో కోర్సు. లీడ్ మీద పేరుకున్న ముక్కలు ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు న్యుమోనియా అంటారు, కొందరికి టీబీ అనుమానం కూడా వస్తుంది. ఒంట్లో మిషన్ ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే, డాక్టర్‌కు చెప్పాల్సిన మొదటి మాట "నాకు పేస్‌మేకర్ ఉంది". రెండో మాట, "యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు బ్లడ్ కల్చర్ తీయండి". రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష అది.

ఆ రెండో మాటకు చాలా విలువుంది. కల్చర్‌ను కనీసం రెండు మూడు సెట్లు, వేర్వేరు చోట్ల నుంచి, మందు పడకముందే తీయాలి. ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే క్రిమి దొరకదు. అది దొరక్కపోతే ఏ మందు ఎన్నాళ్లు అన్నది గుడ్డిగా నడుస్తుంది. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం స్టాఫైలోకాకస్ జాతి క్రిములవి. అందులో స్టాఫ్ ఆరియస్ రక్తంలో కనబడితే, పాకెట్ ఎంత బాగున్నా మిషన్‌ను అనుమానించాల్సిందే.

ఎకో విషయంలోనూ తేడా ఉంది. ఛాతీ మీద నుంచి చేసే మామూలు ఎకోలో లీడ్ల మీది చిన్న గడ్డలు చాలాసార్లు కనబడవు. గొంతులోంచి గొట్టం పంపి చేసే టీఈఈ దీనికి బాగా పనికొస్తుంది. కాస్త ఇబ్బందిగా ఉంటుంది కానీ "మామూలు ఎకో నార్మల్" అన్న కాగితం చూసి నిశ్చింతగా ఉండలేం. రెండూ చేసినా అనుమానం తీరకపోతే పెట్ స్కాన్. దానికి ఖర్చెక్కువ, అందరికీ అవసరం లేదు.

మందులతోనే నెట్టుకొస్తే ఏమవుతుంది

స్టాఫ్ క్రిములు లోహం మీద, లీడ్ల పైతొడుగు మీద బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుంటాయి. నీళ్ల ట్యాంకు గోడకు పట్టిన పాచిలా. పైన నీళ్లు ఎన్నిసార్లు మార్చినా అది పోదు. రక్తంలో తిరిగే మందు ఆ పొర లోపలికి సరిగా చేరదు. అందుకే మందు వాడుతున్నప్పుడు జ్వరం తగ్గుతుంది, కల్చర్ కూడా శుభ్రంగా రావచ్చు, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ మందు మంచిది కాకపోవడమో, డోసు చాలకపోవడమో కారణం కాదు. "ఇంకా పవర్‌ఫుల్ ఇంజెక్షన్ రాయండి" అని అడగడం వల్ల ఈ లెక్క మారదు.

ఇప్పుడు అసలు పోలిక. పాకెట్ కడిగి, అదే మిషన్‌ని మళ్లీ లోపల పెట్టి కుట్టడం అన్నిటికంటే చవగ్గా కనిపిస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. మిషన్ తీసేసి లీడ్లను కత్తిరించి లోపల వదిలేయడం సగం పని. ఇన్ఫెక్షన్ లోపలి ముక్కల మీద బతుకుతుంది, పైగా తర్వాత వాటిని తీయడం ఇంకా కష్టం, ఎందుకంటే పట్టుకుని లాగడానికి కొస దొరకదు. మొత్తం తీసి, తర్వాత సరిపడా మందులు వాడటమే నయమయ్యే దారి. తీశాక పాకెట్‌కే పరిమితమైనదానికి సుమారు రెండు వారాలు, గుండె కవాటాలకు పాకితే నాలుగు నుంచి ఆరు వారాలు మందులు వాడతారు.

ఇంత స్పష్టంగా ఉన్నా చేసేవాళ్లు తక్కువ. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్ ఉన్న, మిషన్ ఇన్ఫెక్షన్ వచ్చిన 11 వేల మందికి పైగా రోగుల రికార్డులను డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు చూశారు. 2023లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం నెలలోపు మిషన్ తీయించుకున్నవాళ్లు ఐదుగురిలో ఒకరు కూడా లేరు. తీయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువ, మొదటి ఆరు రోజుల్లోపే తీయించుకున్నవాళ్లలో ఇంకా తక్కువ. తీయించుకోగలిగినవాళ్లు మొదటినుంచీ కాస్త ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు, ఆ తేడా కొంత అందువల్లే కావచ్చు. అయినా నా అభిప్రాయం మారదు. "రెండు వారాలు మందులు వాడి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అన్నదే ఈ జబ్బులో ఎక్కువమంది చేసే, ఎక్కువగా నష్టపోయే ఎంపిక.

జీవితాంతం యాంటీబయాటిక్ మాత్ర మీద ఉంచడం అనే దారి కూడా ఉంది. అది ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు, మరో జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లకు, లేదా అన్నీ తెలిసి వద్దనుకున్నవాళ్లకు. నయం చేయడం కాదు, అణిచి ఉంచడం. మంచాన ఉన్న తొంభై ఏళ్ల మనిషికి అదే సరైన నిర్ణయం కావచ్చు. పొలం వెళ్లి వస్తున్న 65 ఏళ్ల మనిషికి మాత్రం కాదు.

తీయడం ఎలా, ఎక్కడ

లీడ్ పెట్టి ఏడాదిలోపే అయితే చాలాసార్లు మామూలుగా లాగితే వచ్చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ రక్తనాళం గోడకూ గుండె గోడకూ లీడ్ చుట్టూ మచ్చలాంటి కణజాలం పెరిగి అతుక్కుంటుంది. అప్పుడు లీడ్ మీదుగా ఒక తొడుగును జరుపుకుంటూ ఆ అతుకుల్ని విడదీయాలి. కొన్ని తొడుగులు తిరుగుతూ కోస్తాయి, కొన్ని లేజర్‌తో. రెండూ బాగానే పనిచేస్తాయి. ఏది వాడాలన్న పట్టుదల రోగికి అక్కర్లేదు, చేసే డాక్టర్ చేతికి ఏది అలవాటన్నదే ముఖ్యం.

భయపడాల్సిన ప్రమాదం ఒకటే: పైనుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర గానీ, గుండె గోడ గానీ చిరగడం. అది జరిగితే నిమిషాల్లో ఛాతీ తెరవాలి. అందుకే గుండె సర్జన్ అదే భవనంలో సిద్ధంగా ఉండాలి, ఫోన్ చేస్తే వచ్చే దూరంలో ఉంటే చాలదు. యూరప్‌లో 3,500 మందికి పైగా రోగులతో జరిగిన ఎలెక్ట్రా రిజిస్ట్రీలో 100కి 96 మందికి పైగా పని విజయవంతంగా ముగిసింది, పెద్ద చిక్కులు 1.7 శాతం. ఏడాదికి 30 కంటే తక్కువ చేసే సెంటర్లలో ఫలితాలు అంత బాగా లేవు. కాబట్టి పేస్‌మేకర్ పెట్టిన ఆస్పత్రే దాన్ని తీయడానికీ సరైన చోటు అనుకోవద్దు. పెట్టడం చాలాచోట్ల చేస్తారు, పాత లీడ్లు తీయడం కొద్దిచోట్లే. "సార్, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని నేరుగా అడగండి. నొచ్చుకోని డాక్టరే దీనికి సరైన డాక్టర్.

లీడ్ మీది గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి ఉన్నా, కవాటం కూడా పాడైనా ఛాతీ తెరిచే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మిగతా చాలామందికి భుజం దగ్గరి సిర నుంచో, తొడ నుంచో అయిపోతుంది.

ఖర్చు గురించి ఒక మాట. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్రను మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: తీయడం కవర్ అవుతుందా, మళ్లీ పెట్టే మిషన్ కవర్ అవుతుందా, మధ్యలో వారాలపాటు ఆస్పత్రిలో ఉండి ఎక్కించుకునే ఇంజెక్షన్ల సంగతేంటి? "పేస్‌మేకర్ ఉంది సార్ స్కీమ్‌లో" అన్న ఒక్క సమాధానంతో తృప్తిపడితే బిల్లు దగ్గర టెన్షన్ తప్పదు. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లూ ఇవే అడగాలి.

మళ్లీ ఏది పెట్టించుకోవాలి

ముందు అడగాల్సింది, మళ్లీ అసలు కావాలా అని. తీసినవాళ్లలో గణనీయమైన భాగానికి మళ్లీ వెంటనే అవసరం పడదు. కొందరి గుండె లయ సర్దుకుని ఉంటుంది, కొందరి పంపింగ్ మెరుగుపడి ఉంటుంది, కొందరికి మొదట పెట్టిన కారణమే బలహీనంగా ఉంటుంది. ఈ ప్రశ్న మీరు అడగకపోతే అలవాటుగా మళ్లీ పెట్టేసే అవకాశం ఉంది.

మిషన్ లేకపోతే గుండె కొట్టుకోనివాళ్లకు మధ్యకాలం సంగతి చూడాలి. మెడ దగ్గరి సిరలోంచి గట్టిగా బిగించే లీడ్ ఒకటి వేసి, బయట చర్మం మీద మిషన్ అంటిస్తారు. తొడ నుంచి వేసే పాత తరహా తాత్కాలిక పేసింగ్‌తో పోలిస్తే దీంతో మనిషి లేచి తిరగొచ్చు, లీడ్ జారిపోయే భయం తక్కువ. కల్చర్లు కనీసం 72 గంటలు శుభ్రంగా ఉన్నాకే కొత్తది పెడతారు. కవాటం మీద ఇన్ఫెక్షన్ ఉంటే రెండు వారాలు ఆగుతారు.

కొత్తది మామూలు రకమే అయితే అవతలి వైపు పెడతారు. చాలామందికి ఇదే చాలు, ఇదే అందుబాటు ధర. లీడ్లు లేని పేస్‌మేకర్లు వేరే దారి. వీటిలో మైక్రా అనేదానికి అమెరికాలో 2016లో, అవేర్ అనేదానికి 2022లో అనుమతి వచ్చింది. పెద్ద క్యాప్సూల్ అంత ఉండి, తొడ సిర నుంచి నేరుగా గుండె లోపలికి వెళ్తాయి. పాకెట్ లేదు, లీడ్ లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ చాలా అరుదు. ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, చేతి సిరలు కాపాడుకోవాల్సినవాళ్లకు డబ్బు సమకూరితే నేను దీనివైపే మొగ్గుతాను. ధర మామూలు పేస్‌మేకర్ కంటే చాలా ఎక్కువ. బ్యాటరీ అయిపోతే మామూలుదానిలా సులువుగా మార్చలేరు. అవేర్‌ను తీయడానికి వీలుగా తయారుచేశారు, మైక్రా విషయంలో సాధారణంగా పక్కనే ఇంకొకటి పెడతారు. గుండె బలహీనతకు పెట్టే సీఆర్‌టీకి ఇవి బదులు కాదు. పాతికేళ్ల మనిషికైతే ముందు ముందు ఎన్ని పెట్టాల్సి వస్తుందో అన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఐసీడీ వాళ్లకు చర్మం కిందే ఉండే ఎస్-ఐసీడీ ఉంది. లీడ్ రక్తనాళంలోకి వెళ్లదు కాబట్టి ఇన్ఫెక్షన్ వచ్చినా నేరుగా గుండె లోపలికి పాకే దారి ఉండదు, తీయడం తేలిక. కానీ దాని మిషన్ కాస్త లావు, నెమ్మదిగా కొట్టుకునే గుండెను అది ఎక్కువసేపు నడిపించలేదు. పేసింగ్ కూడా కావాల్సినవాళ్లకు పనికిరాదు.

బ్యాటరీ మార్చే రోజు

ఇన్ఫెక్షన్ ప్రమాదం మొదటిసారి పెట్టినప్పటి కంటే మళ్లీ తెరిచినప్పుడు ఎక్కువ. 1958లో స్వీడన్‌లో మొదటి పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్ 2001 దాకా బతికారు, ఆ మధ్యలో 20కి పైగా మిషన్లు మారాయి. ఇప్పటి మిషన్లు ఏళ్లకేళ్లు వస్తాయి, అయినా "బ్యాటరీ మార్పే కదా, అరగంట పని" అని తేలిగ్గా తీసుకునే ఆ అరగంటలోనే చాలా తేలిపోతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, ఆ వారం జ్వరం ఉన్నా వాయిదా వేయించుకోవడం మేలు. ఛాతీ మీది వెంట్రుకల్ని ఇంట్లో బ్లేడుతో గీక్కోవద్దు, ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

రక్తం పల్చబడే మందుల దగ్గర పాత అలవాటు ఒకటి ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది: వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇంజెక్షన్లు ఇవ్వడం. 2013లో వెలువడిన బ్రూజ్ కంట్రోల్ ట్రయల్‌లో అలా చేసినవాళ్లలో 16 శాతం మందికి పాకెట్‌లో రక్తం గూడుకట్టింది, వార్ఫరిన్ కొనసాగించినవాళ్లలో 3.5 శాతం మందికే. అలా రక్తం గూడుకట్టినవాళ్లకు ఏడాదిలో ఇన్ఫెక్షన్ ముప్పు ఏడు రెట్లకు పైగా పెరిగినట్టు అదే బృందం తర్వాత చూపించింది. మీకు హెపారిన్ రాస్తే ఎందుకని అడగండి. అపిక్సబాన్ లాంటి కొత్త మందులైతే ఆపినా కొనసాగించినా ఫలితంలో తేడా కనబడలేదు, డాక్టర్ చెప్పినట్టు చేయండి. స్టెంట్ ఉండి క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపేయకూడదు.

కోసే ముందు గంటలోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక డోసు తప్పనిసరి. ఆపరేషన్ తర్వాత ఐదారు రోజులు ఇచ్చే మాత్రలకు అంత బలం లేదు. దాదాపు 20 వేల మంది రోగులతో కెనడా పరిశోధకులు నడిపిన పాడిట్ ట్రయల్‌లో అదనపు యాంటీబయాటిక్స్‌తో ఇన్ఫెక్షన్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

యాంటీబయాటిక్ పూసిన వలసంచి ఇంకో ఎంపిక. మిషన్‌ని అందులో పెట్టి లోపల ఉంచుతారు, మందు కొన్ని రోజులు విడుదలై సంచి సుమారు తొమ్మిది వారాల్లో కరిగిపోతుంది. 2019లో వచ్చిన వ్రాప్-ఇట్ ట్రయల్‌లో ఏడాదిలో పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 నుంచి 0.7 శాతానికి తగ్గాయి. అంటే సుమారు 200 మందికి వాడితే ఒక్కరికి ఇన్ఫెక్షన్ తప్పుతుంది. ఆ ట్రయల్ బ్యాటరీ మార్పులు, అప్‌గ్రేడ్‌లు, సీఆర్‌టీ లాంటి ముప్పెక్కువ ఉన్నవాళ్లతో జరిగింది. మొదటిసారి మామూలు పేస్‌మేకర్ పెట్టించుకుంటున్న ఆరోగ్యవంతుడికి ఆ డబ్బు దండగనే నా ఉద్దేశం. కిడ్నీ జబ్బుతో, షుగర్‌తో మూడోసారి తెరుస్తుంటే మాత్రం అడిగి పెట్టించుకోవచ్చు.

పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. పేస్‌మేకర్ గానీ ఐసీడీ గానీ ఒక్కటే ఉంటే అక్కర్లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు, కొన్ని రకాల పుట్టుక గుండె జబ్బులున్నవాళ్లకు మాత్రం కావాలి. కాబట్టి దంతాల డాక్టర్‌కు "గుండె ఆపరేషన్ అయింది" అని చెప్పి ఊరుకోకుండా, ఏం పెట్టారో రాసి ఉన్న డివైస్ కార్డు చూపించండి.